కాలిబొక్క

డాక్టరమ్మ నా ఎడమకాలు ఒత్తి ఒత్తి చూసింది,
ఎనుమాముల యార్డుల ఖరీదుదారు
తేజ కాయ ఇరిచి చూసినట్టు.
"మోకాలి కింద రెండు బొక్కలుంటయి, ఓదెలూ.
లావుది బరువు మోస్తది.
సన్నది ఊకె దాని ఎంబడి ఉంటది.
గా సన్నది తీసి దౌడ చేస్తం."

ఊకె ఉంటదా?
ఇరవై రెండేండ్లు
లారీకి ఆనిచ్చిన చెక్క మీద
బస్తాతోని ఎక్కిన ప్రతిసారి
వణికింది అదేనాయె.
చెప్పుదామంటే నోరు
రెండు వేళ్ల మందం కూడ తెరుస్తలేదు.

తంబాకు ఎందుకు పట్టినవురా అని అందరడిగిండ్రు.
మిర్చి సీజన్ల ఒక్కనాడు హమాలి చేసి
అడగమను.
ఊపిరి పీలిస్తె నిప్పు, వదిలితె నిప్పు.
దౌడకు ఇంత సున్నం కలిపిన తంబాకు ఒత్తుకుంటే
ఘాటు ఘాటును తింటది.
తుమ్ములు బందయితయి.
నా తుమ్ములు బందై పందొమ్మిదేండ్లు.
పుండు మాత్రం
అడగకుండనె వచ్చి కూసున్నది,
కింది పన్ను కాడ, శనగ గింజంత.

పదకొండు గంటలట.
వరండల గడియారం కింద కూసొని కొమ్రమ్మ లెక్కవెట్టింది.
ఒక జట్టు దౌడ తీస్తుంటే
ఇంకో జట్టు కాలు కోసిండ్రట,
లారీ కాడ ఎక్కించేటోళ్లు, దించేటోళ్లు ఉన్నట్టు.
బొక్కను రెండు తావుల కోసి, వంచి,
మొలలు బిగిచ్చి,
దాని నెత్తురు తొవ్వను మెడ నెత్తురు తొవ్వకు
వెంట్రుక కన్న సన్నని దారంతోటి కుట్టిండ్రట.

తర్వాత గంట గంటకు నర్సు వచ్చి
చెంపకు చిన్న మిషిని ఆనిచ్చి ఇన్నది.
లోపల నా పిక్క నెత్తురు
కొత్తూర్ల చప్పుడు జేస్తున్నది:
ఫుష్. ఫుష్.
"బతికింది" అని రాసుకున్నది.
నేను కాదు, బొక్క.

మెడల పైపు, ముక్కుల పైపు.
ఏం కావాల్నో రాయమని పలక ఇచ్చిండ్రు.
నాకొచ్చింది అంకెలే.
నలభై రెండు అని రాసిన.
నర్సుకు సమజ్ కాలే.
కొమ్రమ్మ చూసి, నలభై రెండు కిలోల బస్తా అన్నది,
ఆయనకు మొఖం బరువున్నది అన్నది.
తడిబట్ట తెచ్చి చెంప మీద ఏసింది.

జావ. జావ. మళ్ల జావ.
నెలనాటికి నాలికకు ఏదో గుచ్చుకున్నది.
కొమ్రమ్మ సెల్లు లైటు పట్టి నోట్లకు చూసింది.
చూసి కూలవడి నవ్వింది.
"ఓ అయ్యా, నీ కాలెంటికలు నోట్ల మొలిచినయి!"
దవాఖాన చిట్టి చేతికొచ్చినకాడికెల్లి
ఆమె నవ్వుడు అదే మొదలు.
నేను గూడ నవ్విన,
నవ్వు ఒక్కదిక్కే పోయింది.
కరెంటు పెట్టినంక అవి రాలిపోయినయి.
నాకు జెర బాధయింది.

ఇప్పుడు బువ్వ మెత్తగ పిసికి పెడ్తే తింట.
ఈ దౌడకు నడుసుడు తెలుసు, నములుడు తెల్వదు.
బస్తా అంటే
వస్తా అని ఇనవడ్తదట.
లక్ష బస్తాల మిర్చి మోసినోన్ని,
పచ్చిపులుసుల ఒక్క మిరపకాయకు
కండ్లెంబడి నీళ్లు తీస్తున్న.

మార్చిల యార్డుకు పోయిన.
జెండా పాట నడుస్తున్నది.
గేటు కాడ పిలగాడు ఆపిండు, "ఎవలు కావాలె?"
మొఖం చూసి గుర్తువట్టలే.
నడక చూసి గుర్తువట్టలే, కాలు జెర ఈడుస్తది.
పేరు చెప్పిన, అది నాకే కొత్తగ ఇనవడ్డది.

కుప్పల నడుమకెల్లి యాకూబ్ వచ్చిండు.
ఏం మాట్లాడలే. నా ఎనకకు పోయి,
మెడ కింద బస్తా కూసునే కాడ
కాయగట్టిన గూని మీద చెయ్యివెట్టిండు.
చెయ్యి తియ్యకుండనె అన్నడు,
"ఓదెలు."

అప్పుడొచ్చింది తుమ్ము.
ఒకటెనక ఒకటి,
నిన్న పనికొచ్చిన పోరని లెక్క.
రెండు చేతులతోటి దౌడ పట్టుకున్న.
ఊగింది. ఊడలే.
యాకూబ్ పక్కకు నిలవడి
మూడు, నాలుగు, ఐదు అనుకుంట
బస్తాలు లెక్కవెట్టినట్టు లెక్కవెడ్తుండు.